పాత తుపాకికి క్రొత్త మెఱుగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవ సభలో తుపాకి ప్రసంగమేమని కొందఱకు తోచవచ్చును. పుస్తకము మనస్సును తెఱచునది. తుపాకి ప్రాణమును తీయునది. ఈ రెండింటికి పొత్తెక్కడ? సందేహము న్యాయమైనదే. కాని ఈ ప్రసంగమునకు విషయము తుపాకిని పేల్చుట కాదు. తాతలనాటి వస్తువు నొకదానిని కొని, దానిని బాగుచేయబూనినవాడు ఎచ్చట చేయి పెట్టవలెను, ఎచ్చట చేయి ఆపవలెను అన్నదే విషయము. పాత పుస్తకములను కాపాడుటకై ఏర్పడిన సంస్థ యెదుట ఈ మాట చెప్పుట అనుచితము కాజాలదు.

పాత వస్తువు చేతికి వచ్చినపుడు మనుష్యునకు మొదట కలుగు కోరిక దానిని మెఱపించుట. ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తళతళలాడించు ఇల్లాలి అలవాటు మెచ్చదగినదే. తోమిన చెంబునుండి పోవునది చిలుము మాత్రమే. కాని కొన్ని వస్తువులను తోమినపుడు చిలుముతోబాటు చరిత్రయు పోవును. పోయిన చరిత్రను మరల అతికించు జిగురు లోకమున లేదు. ఈ భేదమును తెలిసికొనుటకు అమెరికా దేశపు పాత లీవరు రైఫిలు చక్కని నిదర్శనము.

మన పల్లెలలో పూర్వము వాడిన నాటు తుపాకి సంగతి పెద్దలకు తెలియును. గొట్టము మూతినుండి మందు పోసి, గుండు వేసి, గజముతో దట్టించి, అటుపై పేల్చవలెను. ఒక మాఱు పేల్చిన పిదప ఈ తతంగమంతయు మరల మొదలిడవలెను. అంతలో వేటజంతువు అడవి దాటిపోవును. గాయపడినదైనచో వేటకాని మీదికే వచ్చును. లీవరు రైఫిలు ఈ జాప్యమును తొలగించినది. ఈ తుపాకిలో మందును, గుండును ఒకే లోహపు తూటాలో ఇమిడియుండును. గొట్టము క్రింద మఱియొక సన్నని గొట్టముండును. తూటాలు అందులో ఒకదాని వెనుక నొకటి వరుసగా నుండును. ట్రిగ్గరు చుట్టునున్న ఇనుప వలయమే క్రిందికి సాగి లీవరుగా నేర్పడినది. దానిని క్రిందికి త్రోసినచో వెనుక గడియ తెఱచుకొని, కాలిన తూటా ఊడి బయటపడును. తుపాకి గుఱ్ఱము ఎక్కుపెట్టబడును. మరల మీదికి లాగినచో క్రొత్త తూటా గొట్టములోనికి చేరి గడియ మూసికొనును. చేయి క్రిందికి, చేయి మీదికి: అంతే పని.

ఈ యంత్రము ఒక్కని బుద్ధినుండి ఒక్కనాడు పుట్టినది కాదు. న్యూయార్కు నగరమున వాల్టర్ హంట్ అను నిర్మాత 1849లో మొదటి నమూనా నొకదానిని తయారుచేసెను. గుడ్డలకు గ్రుచ్చు పిన్నీసును కనిపెట్టినవాడును ఇతడే. ఆయన తుపాకి పనికి నిలువలేదు. చేతులు మాఱి, హోరెస్ స్మిత్, డేనియల్ వెస్సన్ అను ఇరువురు దానిని సవరించిరి. 1855లో ఏర్పడిన వాల్కానిక్ కంపెనీలో మూలధనము పెట్టినవారిలో ఆలివర్ వించెస్టర్ ఒకడు. ఆయన వృత్తికి చొక్కాలు కుట్టించి అమ్ము వర్తకుడు. తుపాకి పనివాడు కాడు. ఆయన కొలువులోనున్న బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పదునాఱు తూటాలు పట్టు రైఫిలుకు పేటెంటు పొందెను. 1866లో కంపెనీ వించెస్టర్ పేరు దాల్చినది. ఆ యేటి నమూనాలో తూటాలు నింపుటకు ప్రక్కన చిన్న తలుపు నమర్చిరి. 1873 నమూనా వచ్చుసరికి ఇత్తడి వన్నె చట్రమునకు బదులు ఇనుప చట్రము వచ్చినది. తూటాలును బలమైనవి వచ్చినవి. ఆ 1873 నమూనా తుపాకులు మొత్తము 7 లక్షల 20 వేలకు పైగా తయారైనవి. మొదట సుమారు 50 డాలర్లుండిన వెల 1882 నాటికి 25 డాలర్లకు దిగినది. అందుచే అది ధనికుల గోడ దిగి, పశువులను కాచువాని జీనుకు, గనులలో పనిచేయువాని గుడిసెకు చేరినది.

అటు పిమ్మట యూటా రాష్ట్రమున ఆగ్డెన్ పట్టణవాసి, తుపాకి పనివాని కుమారుడు జాన్ బ్రౌనింగ్ 1886, 1892, 1894, 1895 నమూనాలను కల్పించెను. వానిలో 1894 నమూనా అన్నిటికంటె వ్యాప్తి చెందినది. పొగలేని మందుతో కూడిన తూటాలను 1895 నుండి అది కాల్చుచు వచ్చినది. డెబ్బది లక్షలకు పైగా అమ్ముడుపోయినది. న్యూ హేవెన్ పట్టణమునందలి కర్మాగారము 2006లో మూతపడినది. నేడు అమెరికాలో తాతనుండి మనుమనికి వచ్చిన వేట తుపాకి యన్నచో పెక్కు ఇండ్లలో అది ఇట్టి లీవరు రైఫిలే.

తెలుగుదేశమునకు ఈ తుపాకితో సంబంధము లేకపోలేదు. 1910లో సికింద్రాబాదు చెంత బొల్లారమున జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణదేశపు అడవులను గూర్చి, మనుష్యులను తినమరగిన పులులను గూర్చి ఆంగ్లమున గ్రంథములు వ్రాసెను. అందు చిత్తూరు జిల్లా అడవులును కలవు. ఆయన చేతిలోనిది వించెస్టర్ 1895 నమూనా లీవరు రైఫిలు. అమెరికా అధ్యక్షపదవినుండి దిగిన థియోడర్ రూజ్వెల్ట్ 1909లో ఆఫ్రికాకు తీసికొనిపోయినదియు ఆ నమూనాయే. నాటి వేటల కాలము గతించినది. మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 1959 ఆయుధముల చట్టము ప్రకారము తుపాకిని ఉంచుకొనుటకే కాదు, బాగుచేయుటకును లైసెన్సు కావలెను. కావున ఎవని ఇంటి అటకమీదనైన పాత తుపాకి కనబడినచో మొదట పోవలసినది కమ్మరి కొలిమికి కాదు, పోలీసు ఠాణాకు. అమెరికాలో చట్టము వేఱు. అచ్చటి 1968 చట్టము 1898వ సంవత్సరాంతమునకు లోపల తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా పరిగణించును; అయినను రాష్ట్రములను బట్టి నియమములు మాఱును. ఆ చట్టము తెలిసికొనక కొన్నవాడు చిక్కులలో పడును. ఇక ఈ ప్రసంగమున చెప్పబోవు కొనుగోలు, మరమ్మతు సంగతులన్నియు ఆ దేశమునకు చెందినవే.

అట్టి తుపాకిని కొనబోవువాడు గమనింపవలసిన సంగతులు కలవు. అన్నిటికంటె మొదటిది, అమ్మువాడు ఏమి చెప్పినను, అది ఖాళీగా నున్నదా లేదా అని తానే స్వయముగా చూచుట. లీవరు తెఱచి గొట్టము మొదలు చూడవలెను. క్రింది గొట్టములో తూటా ఏదైన ఇఱుకుకొని యున్నదేమో చూడవలెను. ఏబది సంవత్సరములు మూల పడియున్న తుపాకిలోని తూటాయు తూటాయే. ఎద్దు ముసలిదైనను కొమ్ము ముసలిది కాదు.

రెండవది గొట్టము లోపలి భాగము. అందు మెలికలు తిరిగిన గాడులుండును. గుండు తిరుగుచు సూటిగా పోవుట వానివలననే. పూర్వపు నల్లమందు కాలిన మసి గాలిలోని తేమను పీల్చును. పాతకాలపు తూటాల అడుగుననున్న నిప్పుమందు ఉప్పువంటి పదార్థమును వదలును. అదియు తేమను పిలుచును. వేడినీటితో కడిగి, తుడిచి, నూనె పూయని యజమాని తుపాకి లోపల తుప్పు తిని గుంటలు పడును. వెలుతురునకు ఎదురుగా పట్టి చూచినచో ఆ యజమాని శ్రద్ధ గాని, సోమరితనము గాని స్పష్టముగా కనబడును.

మూడవది మరమేకుల తలలు. వాని గాడులు చిరిగి, అంచులు నలిగియున్నచో తగని స్క్రూడ్రైవరుతో ఎవరో తెఱచిరని అర్థము. నాల్గవది అంచులును అక్షరములును. కర్మాగారమునుండి వచ్చిన ఇనుము అంచులు కత్తివలె తిన్నగా నుండును. చెక్కిన అక్షరములు లోతుగా నుండును. అంచులు గుండ్రమై, అక్షరములు మసకబాఱి, ఒళ్లంతయు అద్దమువలె మెఱయుచున్నచో, ఎవరో సానచక్రమునకు పట్టిరని తెలిసికొనవలెను. అయిదవది కుందా. అక్రోటు కొయ్యతో చేసిన ఆ కుందా ఇనుమును కలియు చోట, కొయ్య ఇనుముకంటె వెంట్రుకవాసి ఎత్తుగా నుండుట పాతపనివారి పద్ధతి. కొయ్య ఇనుముకంటె దిగువగా నున్నచో గరుకు కాగితముతో అరగదీసినారన్నమాట. క్రొత్తదానివలె కనబడు పాత తుపాకిని చూచి సంతోషింపక, శంకింపవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

తుపాకి చట్రముమీద ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్యను బట్టి తయారైన సంవత్సరము తెలియును. వించెస్టర్ కంపెనీవారి పాత లెక్కపుస్తకములు నేడు వయోమింగ్ రాష్ట్రమున కోడీ అను పట్టణములోని తుపాకుల ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. పెక్కు తుపాకులకు, గోదామునుండి ఏ తేదీన ఎట్టి గొట్టముతో, ఎట్టి కుందాతో బయలుదేరెనో ఆ పుస్తకముల ఆధారముతో వ్రాసి ఇత్తురు. ఇచ్చట గ్రంథాలయ సభ్యులు ఒక్క సంగతి గమనింపవలెను. ఇనుము పలుకదు, దాని మాటలు పలుకునది పుస్తకము. నాడు గోదాములో కూర్చుండి సంఖ్యలు వ్రాసిన గుమాస్తా, నూఱేండ్ల పిదప తన లెక్కపుస్తకము చరిత్రకు సాక్ష్యమగునని తలచియుండడు.

కొన్నది ఇంటికి వచ్చినది. ఇప్పుడు మొదలగును అసలు పరీక్ష. బల్లమీద నుంచిన తుపాకి గోధుమవన్నె బాఱియున్నది. కుందామీద గీతలు, సొట్టలు, ఎవని పేరులోనివో రెండక్షరములు. చేతులు దురద పెట్టును. ఆకురాయితో రాచి, గరుకు కాగితముతో రుద్ది, నీలిరంగు పట్టించి, వార్నీషు పూసినచో రెండు వారములలో అంగడినుండి వచ్చినదానివలె మెఱయును. చూచినవారు భళాయందురు. కాని తెలిసినవాడు చూచి నిట్టూర్చును. ఆ రెండు వారములలో నూఱేండ్లు రాలిపోయినవి. సంగ్రాహకుల విపణిలో దాని వెలయు తఱచుగా తఱిగిపోవును. ధనము పోయిన మాట అటుండగా, పోయిన సాక్ష్యమునకు వెలయే లేదు.

సాక్ష్యమన్న మాట అతిశయోక్తి కాదు. 1876లో మోంటానా ప్రాంతమున లిటిల్ బిగ్‌హార్న్ నది చెంత సియూ, షాయెన్ జాతులవారు తమ భూమికొఱకు పోరాడి, కస్టర్ అను సేనాని దళమును రూపుమాపిరి. సైనికుల చేతులలో ఒక్కొక్క తూటాయే పట్టు తుపాకులుండగా, ఎదిరిపక్షమున పలువురి చేతులలో లీవరు రైఫిళ్లుండెను. 1983లో ఆ మైదానమున గడ్డి తగులబడి నేల బయటపడినది. మఱుసటి యేడు పురావస్తు పరిశోధకులు నేలను వెదకి, కాలిన తూటాలను ఏఱిరి. తూటా అడుగున సూది తగిలిన గుర్తు తుపాకి తుపాకికి వేఱుగా నుండును. ఆ గుర్తులను బట్టి ఎన్ని తుపాకులు పేలెనో, ఏ తుపాకి ఎచ్చటినుండి ఎచ్చటికి కదలెనో గుర్తింపగలిగిరి. గెలిచినవారి కథ వ్రాతలో చాలకాలము చోటు చేసికొనలేకపోయినను, ఇత్తడి తూటాలు దానిని దాచియుంచినవి. ఇట్టి తుపాకి ఒకటి చేజిక్కినవాడు, అరిగినదని పాత సూదిని ఊడదీసి చెత్తలో పాఱవేసినచో, ఏ సాక్ష్యమును పాఱవేయుచున్నాడో వానికి తెలియదు. కావుననే మార్చిన భాగమును చిన్న సంచిలో కట్టి, తుపాకితోబాటు దాచవలెనని పెద్దల నియమము.

కొయ్య సంగతియు అట్టిదే. అమెరికా మూలవాసులు తమ తుపాకుల కుందాలను ఇత్తడి మేకులతో అలంకరించుకొనిరి. కుందా విఱిగినచోట పచ్చి తోలును తడిపి చుట్టి, ఎండనిచ్చిరి. ఎండిన తోలు బిగిసి ఇనుప పట్టీవలె పట్టును. నేటివాడు ఆ తోలును విప్పి, మేకులు పీకి, రంధ్రములు పూడ్చి, ‘బాగుచేసితి’నని మురిసినచో, వాడు బాగుచేసినదానికంటె చెఱిపినదే ఎక్కువ. మరమ్మతు కూడ చరిత్రయే. విఱిగిన నాగలికి మన రైతు కట్టిన కట్టులో ఆ రైతు తెలివి కనబడదా?

ఈ విషయమున అందఱును నేర్చుకొనదగిన ఉదాహరణమొకటి కలదు. నెవాడా రాష్ట్రపు తూర్పు కొసన గ్రేట్ బేసిన్ అను జాతీయ వనము కలదు. 2014 నవంబరులో ఆ వనోద్యోగులు పురావస్తువులకై కొండలలో తిరుగుచుండగా, ఒక జూనిపర్ చెట్టునకు ఆనించిన రైఫిలు కంటబడినది. దాని కుందా ఎండకు వానకు పగిలి బూడిదవన్నె బాఱినది. గొట్టము తుప్పుపట్టి చెట్టు బెరడులో కలిసిపోయినది. కుందా అడుగు మట్టిలో దిగబడినది. చూపునకు చెట్టుకొమ్మయో తుపాకియో తెలియనట్లుండెను. ఇనుముమీద 1873 నమూనా అను అక్షరములు మాత్రము నిలిచియుండెను. సంఖ్యను కోడీలోని లెక్కపుస్తకములతో సరిచూడగా, అది 1882లో తయారై పంపబడినదని తేలినది. ఎవనికి పంపిరో వ్రాయబడి లేదు. ఆ యొక్క సంవత్సరములోనే అట్టివి 25 వేలకు పైగా తయారైనవి.

ఎవడో ఒక మనుష్యుడు ఒకనాడు ఆ చెట్టుక్రింద నిలిచి, తుపాకిని మ్రానికి ఆనించి, ఏదో పనిమీద నాలుగడుగులు వేసెను. మరల రాలేదు. దారి తప్పెనో, చెట్టును గుర్తింపలేకపోయెనో, ప్రాణమే పోయెనో ఎవరును ఎఱుగరు. అతడు ఆనించిన తుపాకి మాత్రము ఆనించినట్లే నిలిచియున్నది.

దానిని కోడీ ప్రదర్శనశాలకు కొనిపోయిరి. అచ్చటివారికి ఇట్టి తుపాకిని క్రొత్తదానివలె చేయుట చేతకానిది కాదు. వారు చేసినదేమి? తుప్పును గీకలేదు, కొయ్యను అరగదీయలేదు, విఱిగిన భాగమునకు క్రొత్తది అతుకలేదు. దుమ్మును మెల్లగా తీసి, పొరలు పొరలుగా రాలుచున్న కొయ్యను సన్నని జిగురుతో నిలువబెట్టిరి. రాలుట ఆగినది, రూపు మాఱలేదు. లోపల తూటా యున్నదేమోయని బలవంతముగా తెఱువక, ఆ పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోయి, రోగికి వలె ఎక్సురే తీయించిరి. గొట్టము ఖాళీయే. కాని కుందా అడుగున పనిముట్లకై యుంచిన చిన్న అఱలో ఏదో యున్నట్లు కనబడినది. తీసి చూడగా ఒక్క తూటా. దాని అడుగున నున్న గుర్తులను బట్టి అది 1887కును 1911కును నడుమ తయారైనదని తెలిసినది. అనగా తుపాకి 1887కు పూర్వము అచ్చట విడువబడియుండదు. ఆ మనుష్యుని పేరు తెలియలేదు గాని, కాలము కొంత తెలిసినది. తొందరపడి తోమినవాని చేతిలో ఆ తూటా చెత్తతో పోయియుండెడిది. ఆ తుపాకి నేడు తాను దొరకిన వనమునకే తిరిగి చేరి, దొరకినట్టి రూపముననే సందర్శకులకు కనబడుచున్నది.

దీనినిబట్టి పాత తుపాకిని ఎన్నడును బాగుచేయరాదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. పేల్చదలచిన తుపాకి పేల్చువానికి అపాయము కలిగింపరాదు. వెనుక గడియకును తూటా కూర్చుండు చోటికిని నడుమ సందు అరుగుదలచే పెరిగినచో, తూటా పగిలి మంటయు ఆవిరియు వెనుకకు తన్నును, కన్ను పోవును. ఆ సందును కొలకఱ్ఱలవంటి ఉక్కు కొలమానములతో తెలిసిన పనివాడే కొలువవలెను. నల్లమందు కాలపు మెత్తని ఉక్కు గొట్టములో నేటి బలమైన పొగలేని తూటాలను పేల్చరాదు. క్రింది గొట్టములో తూటాలు ఒకదాని మూతికి ఒకటి ఆనియుండును గనుక, మొన వాడియైన గుండ్లను అందు నింపరాదు. ముందున్న తూటా అడుగున పొడుచుకొని పేలుట సంభవము. అందుచేతనే ఈ తుపాకుల గుండ్లకు మొన చదునుగా చేయుదురు. ప్రాణరక్షణకై చేయు మరమ్మతును ఎవరును తప్పుపట్టజాలరు. ఉన్న భాగమును చెఱుపక, క్రొత్త స్ప్రింగునో సూదినో వేసి, పాతది దాచినచో రెండు ధర్మములును నిలుచును.

మిగిలిన పనులలో మెత్తనివి మొదట, గట్టివి తరువాత అన్నది సూత్రము. పట్టిన మరమేకునకు నూనె పోసి ఒక రోజు కాదు, వారము రోజులు కనిపెట్టుకొని యుండవలెను. గాడికి సరిగా నిండు మొనగల స్క్రూడ్రైవరునే వాడవలెను. ఎఱ్ఱగా పొడిరాలు తుప్పు తినుచున్న తుప్పు. దానిని నూనెలో ముంచిన మెత్తని ఉక్కునూలుతో తేలికగా తీయవచ్చును. గట్టిపడిన ముదురు గోధుమవన్నె ఇనుమునకు కవచమువంటిది. దాని జోలికి పోరాదు. కుందాలో విఱిగిపోని సొట్ట పడినచో, తడిగుడ్డ కప్పి వేడి ఇస్త్రీపెట్టె నుంచిన యెడల ఆవిరికి కొయ్యనార ఉబ్బి సొట్ట లేచును; గరుకు కాగితముతో పని లేదు. అటుపై అవిసెనూనెను వ్రేళ్లతో పలుచగా రుద్ది, ఆరనిచ్చి, మరల రుద్దవలెను. ఎక్కువ పూసినచో జిగటగా నిలుచును. తొందర ఇచ్చట పనికిరాదు.

మునుపే ఎవరో సానపట్టి పాడుచేసినవి, రంధ్రములు తొలిచినవి, గుర్తులన్నియు పోయినవి కొన్ని యుండును. అట్టివానికి పూర్తి పునరుద్ధరణ తగినదే. అందు పోగొట్టుటకు మిగిలినదేమియు లేదు. వానికి పాతపద్ధతిలో నీలిమ పట్టించు విధానము చూడదగినది. శుభ్రము చేసిన ఇనుమునకు మందు పూసి, తేమలో నుంచి, కావలెననియే సన్నగా తుప్పు పట్టింతురు. పిమ్మట మరుగు నీటిలో ఉడికింతురు. ఎఱ్ఱని తుప్పు నల్లనిదై ఇనుమును అంటుకొనును. పైపొడిని మెత్తని కుంచెతో రాల్చి, మరల తుప్పు పట్టించి, మరల ఉడికింతురు. ఇట్లు పలుమాఱులు చేయగా నీలమేఘమువంటి వన్నె తేరును. ఇనుమును తినివేయు తుప్పే, క్రమములో పెట్టినచో ఇనుమును కాచు కవచమగుట ఆశ్చర్యకరము. కాని 1964 తరువాత కొంతకాలము తయారైన 1894 నమూనా చట్రముల ఉక్కు వేఱు. దానికి మామూలు నీలిమ పట్టదు. నమూనా తెలిసికొనక పని మొదలిడినవాడు రంగు పట్టలేదని నెత్తి కొట్టుకొనును.

ఇట్లు చేసిన పునరుద్ధరణకును ఒక నీతి కలదు. ఏమి చేసినది, ఎప్పుడు చేసినది కాగితముమీద వ్రాసి తుపాకితో నుంచవలెను. క్రొత్త మెఱుగును పాత మెఱుగని అమ్ముట మోసము. కొనువాడు నష్టపోవుట ఒకటి. చరిత్రలో అబద్ధము చేరుట రెండవది. రెండవదే పెద్ద పాపము.

ఇక ఈ మాటలను గ్రంథాలయపు బీరువాలకు అన్వయించి చూడవలెను. చిరిగిన పుస్తకమును బైండు చేయుటకిచ్చినపుడు, అంచులు సమముగా నుండవలెనని బైండరు కత్తితో నాలుగువైపుల కోయును. పుస్తకము చక్కగా నిలుచును. కాని అంచున ఎవరో పాఠకుడు పెన్సిలుతో వ్రాసికొన్న అర్థము, మొదటిపుటలో దాత చేసిన సంతకము, తిథివారములతో సహా పోవును. అట్టమీద పాత ముద్ర మాసినదని చించి పాఱవేసినచో, ఆ పుస్తకము ఏ ఇంటినుండి వచ్చెనో తెలుపు ఒక్క ఆనవాలు పోవును. తాటాకు ప్రతులను స్పష్టముగా కనబడుటకై గట్టిగా తోమినచో మసితోబాటు అక్షరమును పోవును. పురుగు తినుచున్న పుటను ఆపవలసినదే. రాలుచున్న కుట్టును బిగింపవలసినదే. అది ప్రాణరక్షణ. కాని ముసలితనమును వ్యాధియని భ్రమించి చికిత్స చేయరాదు.

కావున పాత వస్తువు చేతికి వచ్చినవాడు పని మొదలిడుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనివలన ఎవరికైన అపాయము కలదా? దీనికి జరుగుచున్న నష్టము ఇంకను జరుగుచునే యున్నదా? చేయబోవు పనిని రేపు మరల వెనుకకు తీసికొనవచ్చునా? మొదటి రెండింటికి ఔనని సమాధానము వచ్చినచో ఆలస్యము చేయరాదు. మూడవదానికి కాదని వచ్చినచో, ఆకురాయిని బల్లమీద పెట్టి, ఒక రాత్రి నిద్రపోయి, మఱునాడు మరల ఆలోచింపవలెను. పాతదానిని మెఱపించుట చేతిపని. పాతదానిని పాతదిగానే నిలుపుట మనసుపని.

ఇరువదియైదేండ్లు ఈ గ్రామమున అక్షరమును కాపాడిన గ్రంథాలయమునకు ఈ రజతోత్సవము ఒక మజిలీ మాత్రమే. దీని బీరువాలకు క్రొత్త రంగు వేయించుట మంచిదే. లోపలి పాత రిజిస్టర్లను మాత్రము చెదలు పట్టకుండ, చెత్తలో పడకుండ కాపాడవలెనని సభ్యులకు మనవి. అందు వ్రాసియున్న తొలి చందాదారుల పేర్లను, వారు చదివిన పుస్తకముల పట్టికను, మఱియొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపబోవువారు వెదకికొందురు గాక!

స్వస్తి.